రాక్షసబల్లికి కట్టిన పరదా

మాంసం కొట్టేవాడికి రోత ఏమిటని నవ్వుతారు. నవ్వితే నవ్వండి. నేను పుట్టిందే ఆ కంపులో. తలకాయలు కాల్చిన వాసన మా ఇంట్లో ఊదుబత్తి వాసన కంటే ఎక్కువ. ఐదో తరగతిలో ఉన్నప్పుడే బోటి కడగడం నేర్చాను. పేగులు తిరగేసి కడిగిన చేతులతోనే మళ్ళీ సబ్బు పెట్టి రుద్దుకుని అన్నం తిన్నాను. ఇన్నేళ్ళలో ఏ మేకను చూసీ నా కడుపులో తిప్పలేదు. అలాంటి నాకు కంప్యూటర్ ముందు కూర్చుని ఒక బల్లికి మేకను వేస్తే వాంతికొచ్చింది. ఆ తర్వాత ఇంకోసారి, నా సొంత దుకాణంలో, నా నోటి నుంచి వచ్చిన ఒక మాటకు వాంతికొచ్చింది. ఆ రెంటికీ సంబంధం ఉంది. అందుకే చెబుతున్నాను.

నార్కట్‌పల్లిలో పెద్ద రోడ్డు పక్కన మా దుకాణం. ముందు రేకుల షెడ్డు, అందులో చింతమొద్దు, పైన కొక్కేలు. వెనక చిన్న జాగా, అక్కడ మేకలను కట్టేస్తాం. షెడ్డుకూ వెనక జాగాకూ మధ్య ఒక గోనె పరదా. నాలుగు గోనెసంచులు విప్పి, దబ్బనం పెట్టి మా బాపు తన చేత్తోనే కుట్టాడు. కోసేది పరదా వెనక, కొట్టి అమ్మేది పరదా ముందు. కోసేది బాపు కాదు. మసీదు గల్లీ నుంచి ముల్లాసాబ్ వచ్చి, దేవుడి పేరు తలుచుకుని కోస్తాడు. అప్పుడే మా దగ్గర అందరూ కొంటారు.

కోసే ముందు బాపు చేసే పని ఒకటి ఉంది. బొచ్చెలో నీళ్ళు పట్టుకొచ్చి మేక ముందు పెడతాడు. అది తాగేదాకా నిలబడతాడు. తాగకపోతే మూతి తడుపుతాడు. కత్తి దాని కంట పడనివ్వడు. ఒకదాన్ని కోసేటప్పుడు మిగతావి చూడకుండా వాటిని గోడ మలుపుకు తోలి, అక్కడ కూడా చిన్న తడక అడ్డం పెడతాడు. "ఇది నీ పద్ధతేనా బాపూ?" అని చిన్నప్పుడు అడిగితే "ముల్లాసాబ్ నేర్పిండు" అనేవాడు. ముల్లాసాబ్‌ను అడిగితే "మీ బాపు కాడనే నేర్సిన బేటా" అనేవాడు. ఎవరు ఎవరికి నేర్పారో నాకు ఇప్పటికీ తెలియదు.

గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని సామెత ఉంది కదా. ఎవడో మా దుకాణానికి వచ్చి కిలో కట్టించుకుంటూ ఆ సామెత చెప్పి ఇకిలిస్తే బాపు ఒక్కటే అనేవాడు. "నమ్మినదాన్ని జర మర్యాదగ పంపాలె గద." అంతే, మళ్ళీ మొద్దు మీద కత్తి ఆడించేవాడు.

రాష్ట్రం వచ్చిన కొన్నేళ్ళకు నేను మేకల అంగడి నుంచి బండి మీద వస్తూ చిట్యాల దాటాక కంకర మీద జారి పడ్డాను. కాలు విరిగింది. నల్లగొండ దవాఖానలో పట్టీ కట్టి, రెండు నెలలు నేల మీద కాలు పెట్టొద్దన్నారు. మంచం మీద పడుకుని ఫ్యాన్ రెక్కలు లెక్కపెట్టడం తప్ప పని లేదు. అప్పుడే మా బామ్మర్ది గది మారుతూ తన కంప్యూటర్ మా ఇంట్లో పెట్టి పోయాడు. జడ్చర్లలో మందుల కంపెనీలో పని చేస్తాడు వాడు. "బావా, ఊకె పండుకునుడెందుకు, ఇండ్ల ఒక ఆట ఉన్నది, మస్తుంటది" అన్నాడు. ఇంకా నయం, పేకాట నేర్పలేదు అనుకున్నాను. పేకాటే నయం.

ఆట ఏమిటంటే, ఒక ద్వీపంలో మనం పార్కు నడపాలి. కోట్ల ఏళ్ళ కింద పోయిన రాక్షసబల్లులను మళ్ళీ పుట్టించి, కంచెలు కట్టి, తిండి పెట్టి, రోగం వస్తే మందు వేసి, చూడ్డానికి వచ్చే జనాన్ని సంతోషపెట్టాలి. జనం సంతోషపడితే తెర పైన మూలలో చుక్కలు పెరుగుతాయి. ఐదు చుక్కలు వస్తే గెలిచినట్టు. గడ్డి తినే బల్లులతో రెండు చుక్కలు దాటలేదు. జనానికి గడ్డి నమలడం చూస్తే ఏం వస్తుంది? అందుకని పెద్ద మాంసాహారి బల్లిని తెచ్చాను. తాటిచెట్టులో సగం ఎత్తు ఉంటుంది, తలకాయ ఒక్కటే ఆటో అంత.

మొదట్లో ముచ్చటపడ్డాను, అబద్ధమెందుకు. కంచె ఎంత ఎత్తు ఉండాలి, కరెంటు ఎంత పెట్టాలి, నీటి గుంట ఎక్కడ తవ్వాలి, అన్నీ చూసుకున్నాను. జంతువును సాకడం మా ఇంటి పనే కదా. దాని కడుపు నిండిందా, దప్పి తీరిందా అని తెర మీద గీతలు చూపిస్తాయి. గీత ఎర్రగా మారితే నాకు ప్రాణం ఆగేది కాదు. దానికి జలుబు చేస్తే మనుషులను పంపి సూదిమందు వేయించాను.

తిండి పెట్టడానికి రెండు రకాల పెట్టెలు ఉన్నాయి. ఒకదాంట్లో చచ్చిన మాంసం ముద్ద వస్తుంది. రెండోదాంట్లో బతికున్న మేక. మాంసం ముద్ద పెడితే బల్లి తింటుంది, కడుపు గీత నిండుతుంది, కానీ జనం పట్టించుకోరు. మేకను పెడితేనే చూడాలి తమాషా. నేల కింద నుంచి చిన్న లిఫ్టు లాంటిది పైకి లేస్తుంది. దాని మీద మేక. తెల్ల మేక. అది దిగి రెండు అడుగులు వేసి గడ్డి కొరుకుతుంది. చెవులు ఆడిస్తుంది. ఆ చెవులు ఆడించడం ఎవడు గీశాడో గానీ మేకను దగ్గర నుంచి చూసినవాడే. వెనక నుంచి బల్లి వాసన పట్టి వస్తుంది. అద్దాల గదిలో జనం ఐస్‌క్రీములు పట్టుకుని ముందుకు తోసుకుంటారు. మేక తలెత్తి అరుస్తుంది. ఆ అరుపు కూడా నిజం అరుపే. తర్వాత కరకర చప్పుడు. కాళ్ళు రెండూ నోటి బయట కొట్టుకుంటాయి. జనం చేతులు పైకెత్తి గెంతుతారు. మూలలో ఇంకో అర చుక్క వెలుగుతుంది.

నాకు గొంతు దాకా వచ్చింది. పక్కనున్న గిన్నె అందుకుని మింగలేక కక్కలేక కూర్చున్నాను. మేక చచ్చినందుకు కాదు. నేను రోజుకు మూడు కోయిస్తాను. ఆ అద్దం వెనకాల మొహాలు! బల్లికి ఆకలి, అది తింటుంది, దాని తప్పేముంది? ఐస్‌క్రీము నాకుతూ చూసేవాడికి ఏం ఆకలి? ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు. కాకికైనా కడుపు నిండుతుంది. థూ!

అంత రోత పడ్డవాణ్ణి ఆట మూసేశానా? మూయలేదు. మూడు చుక్కలు అయ్యాయి. మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ మేకను పెట్టాను.

ఆ రోజే బాపు దుకాణం మూసి అన్నానికి వచ్చి నా మంచం పక్కన కుర్చీలో కూర్చున్నాడు. తలకు తెల్ల రుమాలు చుట్టుకుని ఉన్నాడు. దుకాణంలో ఆ రుమాలు విప్పగా నేను ఎప్పుడూ చూడలేదు. తెర వైపు వంగి చూశాడు. లిఫ్టు లేచింది, మేక దిగింది, బల్లి వచ్చింది, అంతా అయిపోయింది. జనం గెంతారు.

"నీళ్ళు తాపినవా దానికి?" అన్నాడు బాపు.

నాకు నవ్వొచ్చింది. "బాపూ, గది ఆట. నిజం మేక గాదు."

"మేక గాకుంటె మేక లెక్క ఎందుకొర్రుతాంది మరి? ఆటకు గడ్డిబొమ్మ పెట్టుకోరాదు?" అన్నాడు. మళ్ళీ తెర చూపించి, "గీళ్ళెవలు? కండ్లప్పగించి చూస్తున్నరు. గీళ్ళకు పనిలేదా?" అన్నాడు.

"పైసలు పెట్టి చూడనీకె వచ్చిండ్రు."

"సచ్చేటిదాన్ని చూడనీకె పైసలా! ఛీ, ఏం పుట్టిందిరా జనానికి?" అని లేచి అన్నానికి పోయాడు. కంచం ముందు కూర్చుని కూడా గొణుగుతూనే ఉన్నాడు.

బాపు మాట నన్ను పట్టుకుంది. ఆటలో చెట్లు పెట్టే పని ఒకటి ఉంది, వేలితో రుద్దినట్టు రుద్దితే చెట్లు మొలుస్తాయి. మేకల పెట్టె చుట్టూ దట్టంగా చెట్లు పెట్టాను. అద్దాల గదికీ పెట్టెకూ మధ్య వెదురు గుంపులు పెంచాను. పెట్టె పక్కనే నీటి గుంట కూడా తవ్వాను. మేక తాగదు, ఆటలో దానికి తాగడం రాదు, అయినా తవ్వాను. ఏ పార్కు నడిపేవాడూ చెయ్యని పని అది. మా ఇంటివాడు తప్ప ఎవడూ చెయ్యడు. బాపును పిలిచి చూపించాను. అద్దాల గదిలో జనానికి ఆకులు తప్ప ఏమీ కనిపించడం లేదు. బాపు మొహం ఎంత వెలిగిందో! "గిదీ పద్ధతంటె. బల్లి దుకాణానికి గూడ పరదా కట్టినవ్ బిడ్డా" అని నా భుజం తట్టాడు. సాయంత్రం ముల్లాసాబ్‌కు కూడా చెప్పాడట.

అప్పటికే మా దుకాణం మీదికి ఒక ఫికర్ వచ్చి పడింది. రోడ్డుకు ఎదురుగా కొత్తగా అద్దాల దుకాణం తెరిచారు. మేకలను రోడ్డు మీదికి కనిపించేలా కట్టేసి, గిరాకీకి వచ్చినవాడు వేలు పెట్టి చూపించినదాన్ని అక్కడే అందరి ముందూ కోస్తారు. జనం వరస కట్టి ఫోన్లలో వీడియోలు తీసుకుంటారు. హైదరాబాదు కార్లన్నీ అటే మళ్ళుతున్నాయి. మా దగ్గరికి వచ్చేవాళ్ళు కూడా పరదా చూపించి అడగడం మొదలుపెట్టారు. "లోపట ఏం కోస్తున్నరో ఏం కలుపుతున్నరో ఎవలకెరుక? కండ్ల ముంగట కొయ్యిండ్రి." ముప్పై ఏళ్ళు మా చేతి కూర తిన్నవాళ్ళే అన్నారా మాట. నాలుక ఎట్లా తిరిగిందో.

బాపు ఇంటికి వచ్చి అన్నాడు. "గిరాకి సగమయింది. అయితె కానీ. పరదా తీసే ముచ్చట మాత్రం నా ముంగట తేకు. పరదా తీసిన దుకాణంల నేను కూసోను." ఆ మాట ఆయన కోపంగా అనలేదు, పప్పులో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా అన్నాడు. ఆయన పొద్దున లేచేదే ఆ దుకాణం కోసం. అది లేకపోతే ఆయనకు ఏముంది?

ఇక్కడ ఆటలో నా గతి కూడా అలాగే అయ్యింది. చెట్లు పెట్టిన రోజు నుంచి తెర మీద ఒకటే మాట. జనానికి బల్లి కనిపించడం లేదు. మళ్ళీ మళ్ళీ అదే మాట. మూడు చుక్కలు రెండు అయ్యాయి, ఒకటిన్నర అయ్యాయి. చెట్లు ఎక్కువైనందుకు బల్లికి కూడా కోపం వచ్చింది, దానికి మైదానం కావాలి. కంచెను తలతో గుద్దింది. కరెంటు పోయిన ఒక వాననాడు కంచె విరిచి బయటికొచ్చి అద్దాల గది ముందు నిలబడ్డ ఇద్దరిని మింగింది. నాకు మనసులో తగిన శాస్తి అనిపించింది. ఆ మాట అనుకున్నందుకు కూడా నా మీద నాకు రోత పుట్టింది.

ఆ పూట చెట్లన్నీ కొట్టేశాను. మేకల పెట్టెను తీసుకెళ్ళి అద్దానికి ఎదురుగా, పది అడుగుల దూరంలో పెట్టాను. బల్లి తిన్నది. జనం గెంతారు. రెండు, మూడు, నాలుగు చుక్కలు. వారం తిరగకముందే ఐదు. గెలిచానని తెర మీద టపాకాయలు పేలాయి. అప్పటికి నాకు కడుపులో తిప్పడం కూడా మానేసింది. మేక అరుపు వినిపించకుండా చప్పుడు తగ్గించుకోవడం నేర్చుకున్నాను.

బాపు గుమ్మంలో నిలబడి అడిగాడు. "పరదా ఉన్నదా బల్లికి?"

తెర ఆయనకు కనపడకుండా తిప్పి, "ఉన్నది బాపూ" అన్నాను.

పట్టీ విప్పి, కుంటుకుంటూ దుకాణానికి పోయిన మొదటి ఆదివారం మొద్దు ముందు ఈగలు తోలుకుంటూ కూర్చున్నాం. ఎదురుగా అద్దాల ముందు జాతర. ఐదు చుక్కలు ఎట్లా వస్తాయో నాకు తెలుసు కదా. చచ్చు ఆట నేర్పిన చదువు! తర్వాతి శనివారం బాపు మేకల కోసం అంగడికి పోయినప్పుడు గోనె పరదా కుట్లు కత్తితో తెంపి, చుట్టి, షెడ్డు మీదికి విసిరేశాను. తడకను కూడా తీసేశాను. వెనక జాగా మొత్తం రోడ్డుకు కనిపించేలా ముందున్న రేకు కూడా ఒకటి విప్పాను. 'మీ కళ్ళ ముందే' అని అట్ట మీద రాసి వేలాడదీశాను. బాపు రెండు రోజులు అలిగి మూడో రోజు వస్తాడు అనుకున్నాను. పెద్దవాళ్ళు అలాగే అంటారు, అలవాటైపోతుంది అనుకున్నాను.

బాపు రాత్రి పొద్దుపోయి వచ్చి మేకలను ఇంటి దగ్గరే కట్టేశాడు, తెల్లారి నేనే వాటిని దుకాణానికి తోలుకొచ్చాను. ఆదివారం పొద్దున జనం నిజంగానే వచ్చారు. ముల్లాసాబ్ వచ్చి, పరదా ఉండే చోటు చూసి, నన్ను చూసి, కత్తిని కండువా కింద పెట్టుకుని ఒక పక్కన నిలబడ్డాడు. ఫోన్లు లేచాయి. ఒకడు చిన్నపిల్లను భుజాల మీద ఎక్కించుకున్నాడు, కనిపించాలని. ఎదురు హోటల్ నుంచి చాయ్ గ్లాసులు పట్టుకుని వచ్చి నిలబడ్డవాళ్ళు ఉన్నారు. అచ్చం అవే మొహాలు. ఆటలో గీసినవాడు ఇక్కడికొచ్చి చూసి పోయాడేమో అనిపించింది.

బాపు నీళ్ళ బొచ్చె పట్టుకుని వచ్చాడు. పరదా లేదు. ఆగాడు. తల తిప్పి అట్ట మీది అక్షరాలు చదువుకున్నాడు. నా వైపు చూడలేదు. నేరుగా మేక దగ్గరికి పోయి నీళ్ళు పెట్టాడు. అది తాగేదాకా నిలబడ్డాడు. "సినిమా తియ్యిండ్రా, తాత మేకకు జ్యూసు తాపుతున్నడు" అని ఎవడో అంటే గొల్లున నవ్వారు.

ముల్లాసాబ్ వంగాడు. అప్పుడు బాపు తలకు చుట్టుకున్న రుమాలు విప్పాడు. అంత మందిలో, బట్టతలతో. విప్పి, రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకుని, చేతులు బార చాపి, మేకకూ జనానికీ మధ్య నిలబడ్డాడు. పరదా లాగా. డెబ్భై ఏళ్ళ మనిషి. రుమాలు మధ్యలో జారుతూ ఉంటే మళ్ళీ పైకి ఎత్తుతున్నాడు. వెనక కట్టేసిన మేకలకు కూడా అడ్డం రావాలని ఒకసారి అటు, ఒకసారి ఇటు తిరుగుతున్నాడు.

"పెద్దాయనా, జర జరుగు. కనిపిస్తలేదు."

"ఓ తాతా, పక్కకు! కనిపిస్తలేదు!"

కనిపించడం లేదు. ఆ మాట తెర మీద నేను ఎన్నిసార్లు చదివాను! ఎవడో "ఇగ పాండ్రి, గా దుకాణంల మంచిగ కనిపిస్తది" అని అడుగు వెనక్కి వేశాడు. ఇంకో ఇద్దరు కదిలారు. చుక్కలు పోతున్నాయి అనిపించింది. నిజంగా అదే అనిపించింది. చుక్కలు.

"బాపూ, పక్కకు జరుగు" అన్నాను.

ఆయన మెడ తిప్పి నన్ను చూశాడు. కోపమైతే భరించేవాణ్ణి. చేతులు దించాడు. పక్కకు జరిగాడు. రుమాలు మడత పెట్టి చంకలో పెట్టుకుని, జనం మధ్యలోంచి దారి అడుక్కుంటూ, "జర జరుగుండ్రి బిడ్డా" అంటూ రోడ్డు దాటి ఇంటికి పోయాడు. ముల్లాసాబ్ దేవుడి పేరు తలుచుకుని కోశాడు. జనం ఫోన్లలో తీసుకున్నారు. నేను దుకాణం వెనక్కి పోయి కక్కాను. పొద్దున తాగిన చాయ్ అంతా పోయింది. మూతి కడుక్కుని వచ్చి కత్తి పట్టుకుని కొట్టడం మొదలుపెట్టాను, ఎందుకంటే వరస రోడ్డు దాకా ఉంది.

ఆ రోజు నాలుగు కోయించాం. మొదటిదాన్ని రెండోదాని ముందే, రెండోదాన్ని మూడోదాని ముందే. చివరి మేక కాళ్ళు తన్నిపట్టి అరిచిన అరుపుకు చప్పుడు తగ్గించే బటన్ లేదు. నీళ్ళ బొచ్చె మొద్దు కింద ఎక్కడికో దొర్లిపోయింది. ఎవరూ తీయలేదు.

సాయంత్రం ఇంటికి పోతే బాపు మంచం మీద కూర్చుని ఉన్నాడు. తలకు రుమాలు లేదు. నేను చెప్పులు విప్పుతుంటే మెల్లగా అడిగాడు.

"నేను వచ్చినంక, మిగిలినయిటికి నీళ్ళు తాపినవా?"

"తాపిన బాపూ" అన్నాను.

"మంచిది" అన్నాడు. ఆ పూట చారు పోసుకుని తిన్నాడు. మేక కూర గిన్నె ఆయన వైపు జరిపితే మళ్ళీ నా వైపు జరిపాడు.